తూర్పు తిరిగి దండం

మా మనవరాలు లయ చుక్కగా మారి పదకొండు రోజులైంది. నీలం రంగు చుక్క. మా అల్లుడు శ్రీకాంత్ తన ట్యాబ్లెట్‌ని వంటింటి గట్టు మీద నిలబెట్టి, అలాస్కా మ్యాపు తెరిచి, "చూడుండ్రి మామయ్యా, పది నిమిషాలకొకసారి చుక్క జరుగుతది. లయ ఏడున్నదో మనం ఈడ చాయ్ తాక్కుంట చూడొచ్చు. టెన్షన్ ఎందుకు?" అన్నాడు. తొమ్మిది రోజులు చుక్క జరిగింది. పదో రోజు మధ్యాహ్నం ఆగింది. ఆగినది ఆగినట్టే ఉంది. అప్పట్నుంచి, అలాస్కాకి వేల మైళ్ల ఇవతల అమెరికాలోనే ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఈ ఇంట్లో ఎవరూ చాయ్ పూర్తిగా తాగలేదు. సగం తాగిన కప్పులు ఎక్కడపడితే అక్కడ తొరక కడుతున్నాయి.

లయ చదివేది నీళ్ల శాస్త్రం. అలాస్కా వాయవ్య మూలన కోబుక్ అనే నది ఉంది. దానిలో కలిసే కొన్ని ఏర్లు ఈమధ్య చింతపండు పులుసు రంగుకి తిరిగాయట. వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల కరిగి, లోపలి ఇనుము నీళ్లలోకి దిగుతోందని చెప్పింది. ఆ నీళ్లు సీసాల్లో పట్టుకు రావడానికి యూనివర్సిటీ వాళ్లు నలుగురిని గాలి ఊదే రబ్బరు పడవలో పంపారు. వాళ్లలో ఇది ఒకతి. ఈ సంగతి చెప్పడానికి వచ్చిన రోజున, "తాతా, నీకు తెలీదు, చాలా remote place. నువ్వు పేరు కూడా విని ఉండవు" అంది. నా ఒంటికి కారం రాసినట్టయింది. ఆ నది ఒడ్డున నేను ఒక చలికాలమంతా బతికాను. ఈ ఇంట్లో చింతపండు ఉండే ఆ భోజపత్రం బుట్ట అక్కడిదే. నా భార్య బతికున్నన్నాళ్లూ అందులో చింతపండే పోసింది. ఇప్పటికీ మూత తీస్తే ముందు పులుపు, దాని వెనకాల పొగ వాసన వస్తాయి. ఆ పొగ ఎక్కడిదని ఈ ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అడగకపోవడం వాళ్ల తప్పు. చెప్పకపోవడం నా తప్పు. నా తప్పుకి కారణం ఉంది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు నది సంగతి. కోబుక్ పొడుగులో మన గోదావరికి మూడో వంతు కూడా ఉండదు. కానీ ఆ నేల మీద పుట్టినవాళ్ల భాషలో ఆ పేరుకి అర్థం పెద్ద నది. పెద్దదో చిన్నదో దాని నీళ్లు తాగేవాళ్లు చెప్పాలి గాని కొలబద్దలు పట్టుకొచ్చినవాళ్లా చెప్పేది? కొండల్లో ఒక సరస్సు దగ్గర పుట్టి, పడమటికి పారి, గడ్డకట్టే సముద్రంలో కలుస్తుంది. పడమటికి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. దాని దక్షిణపు ఒడ్డు వెనక ఇసుక దిబ్బలుంటాయి, ఎడారి దారి తప్పి వచ్చి అక్కడ కూలబడిందా అన్నట్టు. ఇంకోచోట అడవి ఉల్లి మొలిచే వంపు ఉంది. ఏటా శరత్తులో జింకల మందలు అక్కడే నది దాటుతాయి. వేల ఏళ్లుగా మనుషులు ఆ వంపులో కాచుకుని వేటాడారు. తవ్విచూసి ఒప్పుకున్నారు పండితులు. అయినా నేను సియాటిల్ లైబ్రరీలో తీసిన మొదటి పుస్తకంలో ఆ నదిని ఇద్దరు తెల్ల అధికారులు "కనిపెట్టారు" అని ఉంది! నేను ముందు చూశానంటే నేను ముందు చూశానని వాళ్లిద్దరూ తగువులాడుకున్నారట. ఒకాయన, మంచు పలక మీద సముద్రంలోకి కొట్టుకుపోయి చచ్చిపోయిన తన తోటి అధికారి పేరు ఆ నదికి పెట్టాడు. ఆ పేరు నిలవలేదు. నిలవకపోవడమే న్యాయం. ఆ తర్వాత బంగారం ఉందని ఎవడో పుకారు పుట్టిస్తే ఓడలకి ఓడలు జనం దిగబడి, ఒక చలికాలం వణికి, చేతులూపుకుంటూ వెళ్లిపోయారు. ఆ చలికాలం వాళ్ల ప్రాణాలు నిలబెట్టిన చేపలు ఎవరు పట్టి ఇచ్చారో ఆ పుస్తకంలో లేదు. లైబ్రరీ పుస్తకమని కూడా చూడకుండా ఆ పేజీ అంచున పెన్సిలుతో "అబద్ధం" అని తెలుగులో రాశాను. ఇప్పటికీ ఉండే ఉంటుంది. చదివినవాడు ఒక్కడూ ఉండడు.

నా చదువు అయిదో తరగతి. మాది కాకినాడ పక్కన, కోరంగి వైపు. కాకినాడ తీరంలో లోతు లేదు గనక పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకునేవి. ఒడ్డు నుంచి ఓడకి బస్తాలు మోసే నావకి మా నాన్న సరంగు. మా ఇంట్లో పొద్దున జరిగే మొదటి పని, నాన్న బయటికి వెళ్లి తూర్పున సముద్రాన్ని చూసి వచ్చి, ఒక్క ముక్క చెప్పడం: "ఇవాళ మెత్తగా ఉంది." లేదా, "ఇవాళ పొగరుగా ఉంది." ఆ ముక్క విన్నాకే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచి తూర్పంటే సముద్రం. ఏ కాలవైనా, ఏ పాయైనా, ఆఖరికి వానాకాలం మా చూరు నీళ్లైనా తూర్పుకే పారేవి. దిగువ అన్నా తూర్పన్నా మాకు ఒకటే. ఎవరి నావైనా తిరిగిరాదని తేలిపోతే ఆడవాళ్లు ఏడుస్తూ, "ఇంకేముందమ్మా, తూర్పు తిరిగి దండం పెట్టుకోవడమే" అనేవాళ్లు. అందరూ వాడే సామెతే గాని మా ఊళ్లో అది సామెత కాదు. నిజంగానే అటు తిరిగేవాళ్లు.

నేను ఓడ ఎక్కి ఖలాసీనై, సియాటిల్లో అపెండిసైటిస్ ఆపరేషనై ఆస్పత్రిలో పడి ఉండగా నా ఓడ నన్ను వదిలి వెళ్లిపోయింది. బార్జీలు నడిపే ఒక ముసలి యజమాని నా కాగితాలు సరిచేయించి పనిలో పెట్టుకున్నాడు. ఉత్తరాన కోబుక్ కలిసే చోట కూడా సముద్రం లోతు లేనిదే. ఓడలు దూరాన ఆగితే సరుకంతా బార్జీల్లో నది మీది ఊళ్లకి చేర్చాలి. ప్రపంచం చుట్టి మా నాన్న పనిలోకే వచ్చి పడ్డాను. ఆ ఏడు నీళ్లు త్వరగా తీశాయి. మా బార్జీ ఒక ఊరి దగ్గర ఇసుకలో కూరుకుపోయింది. నది గడ్డకట్టేలోగా మిగతావాళ్లు విమానంలో వెళ్లిపోయారు. పెళ్లాంబిడ్డలు లేనివాణ్ణి గనక కాపలాకి నన్ను వదిలేశారు.

ఆ ఊళ్లో ఒక ముసలి దంపతుల ఇంట్లో ఉన్నాను. మొదటి రోజు పిల్లలు ఆ ముసలాయన వెనక "ఆతాతా, ఆతాతా" అంటూ పరుగెత్తుతుంటే నాకు ఒళ్లు జల్లుమంది. ఈ మంచులో తెలుగు ఎవరు నేర్పారు? తర్వాత తెలిసింది, వాళ్ల భాషలో ఆతాతా అంటే తాతే. నేను మాత్రం చివరిదాకా "ఆ తాత" అనే పిలిచాను. ఇద్దరికీ ఇబ్బంది లేకపోయింది. నాయనమ్మని ఆనా అంటారు, ఆ ముసలావిణ్ణి నేనూ అలాగే పిలిచాను. మా ఊళ్లో ఆన అంటే ఒట్టు. వాళ్ల కూతురు మిన్నీకి అప్పుడు ఇరవయ్యేళ్లుంటాయి. నవ్వితే మనిషంతా నవ్వేది, ముఖ్యంగా నన్ను చూసి.

ఆ ఇంటి వాసన మూడు పొరలుగా ఉండేది. పొయ్యిలో కాలే కట్టె పొగ పైన. ఆనా పొయ్యి గొట్టం పక్కన జింక తోలు చుట్టి దాచే పులిసిన పిండి వాసన మధ్యన, అట్లపిండి పులిసినట్టే. అన్నిటికీ అడుగున సీల్ నూనె. గడ్డకట్టిన చేపని చెక్కుల్లా తరిగి ఆ నూనెలో ముంచి నోట్లో పెట్టుకునేవాళ్లు. మొదటి వారం ముక్కు మూసుకున్నాను. రెండో వారం ఒక సాయంత్రం ఆ వాసనలో మా అమ్మ వానరోజుల్లో వేయించే ఎండు నెత్తళ్లు తగిలాయి. ఆ పూట ఎన్ని తిన్నానో లెక్క లేదు. ఆనా మిన్నీతో ఏదో అంది. మిన్నీ నవ్వుతూ, "నీ ముక్కు ఇవాళ్టికి ఇల్లు చేరిందంటోంది మా అమ్మ" అంది.

ఆ తాత కూడా మా నాన్నలాగే పొద్దున లేస్తూనే బయటికి వెళ్లి నదిని చూసి వచ్చేవాడు. కొనకి ఇనుప ములుకున్న కర్రతో మంచుని పొడిచి, చెవొగ్గి విని, వచ్చి టీ కప్పు పట్టుకుని ఒక్క ముక్క చెప్పేవాడు. "మూసుకుంటోంది." "అబద్ధమాడుతోంది." అబద్ధమాడటమంటే పైకి గట్టిగా కనిపిస్తూ లోపల పల్చగా ఉండటం. ఇంకో సంగతి, ఆ ఇంట్లో తూర్పు, పడమర అనే మాటలే వినపడేవి కావు. నడి చలికాలంలో సూర్యుడు దక్షిణాన కాసేపు తల ఎత్తి దించుకుంటాడు. అతన్ని నమ్ముకుని దిక్కులు ఎవరు పెట్టుకుంటారు? వాళ్ల దిక్కులన్నీ నదివే. కప్పు నాకు ఎగువన ఉంది, చెప్పు దిగువన ఉంది, ఇలా ఉండేది వాళ్ల మాట. నాకది ఎంతో సుళువుగా అర్థమైంది. ఎగువ, దిగువ మనవి కావా? చెయ్యి విసిరితే చాలు, తెలిసేది.

చలికాలం ముదిరాక ఒకరోజు ఆనా, మిన్నీ కుక్కల బండి మీద పక్క ఊరికి, చావింటికి వెళ్లారు. ఆ తాత మంచు కింద వేసిన వల చూసి వస్తానని, ఇంటి దగ్గర మిగిలిన కుక్కలని వెంటబెట్టుకుని బయల్దేరాడు. గుమ్మంలో నిలబడి నాకేసి తిరిగి, చెయ్యి దిగువకి విసిరి, "టీ టైముకి వచ్చేస్తా" అన్నాడు. వెళ్లింది దిగువకి. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. టీ టైము దాటింది. గాలి లేచింది. ఆ దేశంలో కబురు లేదంటే కులాసాగా ఉన్నట్టే లెక్క. అయినా నాకు నిద్ర లేదు.

మర్నాడు పొద్దున టపా విమానం దిగింది. ఊరివాళ్లు నన్ను దాని దగ్గరికి తోశారు. పైలట్ తెల్లవాడు, తొందరలో ఉన్నాడు. "ఎటు వెళ్లాడు?" అన్నాడు.

డౌన్ అనే మాట నాకు రాదా? వచ్చు. డౌన్‌రివర్ అన్నది ఊళ్లో రోజూ వినే మాటే. కానీ అది చదువు లేనివాడి మాటలా అనిపించింది. నేను ఓడ మీద పాత నావిక పుస్తకం ఒకటి సంపాదించి, అక్షరం అక్షరం కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చినవాణ్ణి. దిక్కుల పేర్లు, గాలుల పేర్లు నా సొంత ఆస్తి. అంత పెద్ద టోపీ పెట్టుకున్న మనిషి అడిగితే ఆస్తి చూపించొద్దూ? ఛాతీ విరిచి, "ఈస్ట్" అన్నాను. దిగువ గనక. సముద్రం వైపు గనక. నా ఒంట్లో ప్రతి నెత్తురు బొట్టుకీ సముద్రం తూర్పునే ఉంది గనక.

విమానం లేచి ఎగువకి తిరిగింది. గాలి వాలుని బట్టి చుట్టూ తిరిగి వెళుతున్నాడు కాబోలు అనుకున్నాను. ఆ దేశపు పగలు ఉండేదే గుప్పెడు. ఆ గుప్పెడంతా అతను ఎగువన వెతికాడు. చీకటి పడే వేళకి ఆనా, మిన్నీ తిరిగివచ్చారు. ఆనా నన్ను ఇంగ్లీషులో అడగలేదు. చెయ్యి ఎత్తి ఇటా, అటా అంది. నేను దిగువకి విసిరాను. "మరి విమానం ఎగువకెందుకు పోయింది?" అంది మిన్నీ. అప్పుడు తెలిసింది. ఆ నదికి దిగువంటే పడమర. ఆనా కోటు విప్పనేలేదు. అలాగే బయటికి వెళ్లి మగవాళ్లని కేకేసింది.

మర్నాడు మధ్యాహ్నం దొరికాడు. మంచు మీద ఊరిన నీళ్లలో కాళ్లు తడిసి, పొదల్లో గుంట చేసుకుని, కుక్కలని మీద కప్పుకుని పడుకున్నాడట. బతికాడు. ఎడమ పాదం అయిదు వేళ్లూ తీసేశారు. ఒక్క రోజు ముందు దొరికితే ఎన్ని మిగిలేవి? ఆస్పత్రి నుంచి కర్ర పట్టుకుని తిరిగొచ్చినప్పుడు నేను "సారీ" అన్నాను. ఎవడి కాలో పొరపాటున తొక్కితే అనే మాట అది. ఆయన నా భుజం మీద తట్టి, గట్టిగా నవ్వి, "ఈస్ట్!" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఊరంతటికీ నా పేరు ఈస్ట్. పిల్లలు, పెద్దలు, చర్చి పాస్టరు కూడా. తిడితే తట్టుకునేవాణ్ణి. వాళ్లు తిట్టలేదు. పొద్దున్నే ఆ తాత గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేవాడు. మంచుని పొడిచి చూసే కర్ర ఇప్పుడు ఆయనకి ఊతకర్ర. నది కబురు మిన్నీ చెప్పేది. ఎండాకాలం వరదకి బార్జీ తేలగానే వెళ్లిపోయాను. ఆనా భోజపత్రం బుట్ట చేతిలో పెట్టింది. మళ్లీ ఆ నది మొహం చూడలేదు. ఉత్తరం ముక్క రాయలేదు. అవతలివాళ్ల అబద్ధాలు పుస్తకాల అంచుల్లో రాసిన మొనగాణ్ణి, నాది మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

చుక్క ఆగిన రెండో రోజుకి వద్దాం. లయ వాళ్లని తీసుకురావాల్సిన విమానం ఎగువన ఒక గులకరాళ్ల దిబ్బ మీద దిగి, ఎదురు చూసి, ఖాళీగా తిరిగొచ్చింది. అక్కడ వానలు, వరద. చివరి చుక్క కూడా ఆ ఎగువ దిబ్బకి దగ్గరే. కాబట్టి అక్కడే ఎక్కడో ఉంటారని వెతికించే ఆఫీసు నమ్మకం. కానీ చుక్క ఆగే ముందు నాకొక మెసేజ్ వచ్చింది. వెళ్లే ముందు దాంతో ఒట్టు వేయించుకున్నాను, ఎటు కదిలినా నాకు తెలుగులో ఎగువ అనో దిగువ అనో రాయాలని. "తాతా, రాఫ్ట్‌కి చిన్న హోల్. రిపేర్ చేశాం. వాటర్ పెరిగింది, ఇక్కడ ఆగలేం. దిగువకి వెల్తున్నాం." ళ రాయడం కూడా సరిగ్గా రాదు పిచ్చిదానికి.

ఆఫీసు నుంచి ఫోను వస్తే మా అమ్మాయి రత్న తీసింది. పుట్టి పెరిగింది సియాటిల్లో. అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుతోంది. నేను పక్క గదిలో ఉన్నాను. "యెస్, షి టెక్స్టెడ్ మై డాడ్... దే ఆర్ గోయింగ్ సౌత్" అనడం వినిపించింది.

"ఏమన్నావే? సౌత్ అని ఎవరు చెప్పారు?"

"దిగువ అంటే కిందకి కదా నాన్నా. మ్యాప్‌లో కింద అంటే సౌతే కదా!"

"నదికి మ్యాపు తెలీదే! ఇలా ఇయ్యి ఫోను."

అవతల ఆవిడ మర్యాదగా, "సర్, కంపాస్ డైరెక్షన్ చెప్పండి చాలు" అంది. దేవుడా, డెబ్బై ఏడేళ్ల ఈ నోట్లోంచి "ఈ..." అనే చప్పుడు సగం బయటికి వచ్చింది. నాలిక కరుచుకున్నాను. "కంపాసు గింపాసు నన్ను అడక్కండమ్మా. డౌన్‌రివర్. నది ఎటు పారితే అటు" అన్నాను. ఆవిడ, పడవలతో వెతికే ఊరి వలంటీర్లకి లైను కలిపింది. ఒక ముసలావిడ గొంతు, పలకరింపు లేకుండా, ఇంగ్లీషులో అడిగింది.

"అప్‌రివరా, డౌన్‌రివరా?"

"డౌన్‌రివర్."

"ఎవరు మాట్లాడేది?"

ఆ అమ్మాయి తాతని అంటే సరిపోయేది. నేనెవరో చెబితే నా మాట నమ్ముతుందా? నా మాట మీద పడవ పంపుతుందా? ఇవతల లయ ప్రాణం. చెప్పకపోతే, మళ్లీ సగం నిజమే చెప్పినవాణ్ణవుతాను. "ఆ పిల్ల తాతని. చాలా ఏళ్ల కిందట మీ ఊళ్లో ఒక చలికాలం ఉన్నాను. బార్జీకి కాపలా" అన్నాను.

రెండో చెవి మూసుకుని ఫోను గట్టిగా ఆనించుకున్నాను.

"ఈస్ట్?"

"అవును, మిన్నీ."

"డౌన్‌రివరేనా, ఈస్ట్? ఈసారి ఖాయమేనా?" ఆ నవ్వు మారలేదు. మనిషంతా నవ్వే నవ్వు.

"ఆనా మీద ఒట్టు" అన్నాను. నవ్వు ఆగింది. "అయితే చాలు. పడవ దించుతున్నాం" అని పెట్టేసింది.

నాలుగు గంటలు. రత్న గుమ్మం దగ్గర చెప్పులన్నీ జతలు జతలుగా పేర్చి, మళ్లీ చెదరగొట్టి, మళ్లీ పేర్చింది. శ్రీకాంత్ ట్యాబ్లెట్‌ని బోర్లా పెట్టేశాడు. "ఈ చుక్క లేకుంటే ఇంత భయం ఉండకపోతుండె మామయ్యా" అన్నాడు. అంతటి ఇంజనీరు నోట ఆ మాట! ఆ రోజుల్లో మనిషి ఒక చలికాలం కనపడకపోయినా ఇంట్లో అన్నం ఉడికేది. ఇప్పుడు పది నిమిషాలకొక చుక్క ఇచ్చారు, చుక్కకీ చుక్కకీ మధ్య చచ్చి బతకమన్నారు. చుక్క ఎక్కడుందో చెబుతుంది. ఎటు పోతోందో మనిషే చెప్పాలి.

ఫోను మోగింది. దిగువన ఒక లంకలో దొరికారు. పడవ తిరగబడింది, చుక్క పంపే పరికరం నీళ్లపాలైంది. నలుగురూ ఒక టార్పాలిన్ కింద తడిసి ముద్దై ఉన్నారు. ఒకతనికి మణికట్టు విరిగింది. నీళ్ల సీసాలు మాత్రం భద్రం, వీళ్ల చదువు కాలా! లయ పళ్లు టకటకలాడిస్తూనే, "తాతా, మిన్నీ ఆంటీ నాకు ఫిష్ సూప్ ఇచ్చింది. స్మెల్ వస్తుంది, కానీ గుడ్. నిన్ను ఈస్ట్ అంటుంది, వై?" అంది.

"ఇంటికి రా. చెప్తాను" అన్నాను. ఈసారి చెప్తాను.

మిన్నీ ఫోను తీసుకుంది. ఆ తాత ఎప్పుడో పోయాడట, ముసలితనంతోనే, మంచంలోనే. ఆయన నా గురించి ఏమనుకున్నాడో నేను అడగకముందే ఆమే చెప్పింది. "ఊళ్లో వెతకడానికి బయల్దేరే ప్రతి కుర్రకారుకీ నాన్న ఒక మాట నేర్పి పోయాడు. ఇప్పటికీ అదే మా పద్ధతి. బయటివాణ్ణి దిక్కు అడగొద్దు, ఎగువా దిగువా అని మాత్రమే అడగండి. వాడు అబద్ధం చెప్పడు. వాడి సముద్రం ఇంకో వైపు ఉంటుంది, అంతే."

ఫోను రత్న చేతికిచ్చి వాకిట్లోకి వచ్చాను. నా వెనకాలే శ్రీకాంత్ వచ్చాడు, పడిపోతానేమోనని కాబోలు. నీ ఫోన్లో కంపాస్ ఉంటుంది కదా, తియ్యి అన్నాను. తీశాడు. ఆ నది ఇక్కడికి ఎటు? పడమరకి, బాగా ఉత్తరం మొగ్గి. రెండుసార్లు సరిచూసుకుని, అటు తిరిగి దండం పెట్టాను.